దుప్పట్లు ఆరేసిన మేడ

మర్రిపాలెంలో మా మేడ మీద
రాత్రి ఏడున్నరకి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కదిలిస్తాను.
నాలుగు రవ్వలు పైకి లేస్తాయి.
రెండు అక్కడే ఆరిపోతాయి.
మిగతా రెండూ, ఎర్రగా ఒకటి, పచ్చగా ఒకటి,
అలా అలా జారి ఎయిర్‌పోర్టు వైపు దిగిపోతాయి.
అవి నావి కావు,
హైదరాబాదు విమానానివి.

ఎర్రదీపం నా కుడిచేతి పక్కనుంటే
అది నా మీదకొస్తున్నట్టు.
తోక దగ్గర తెల్లదొక్కటే కనబడితే పోతున్నట్టు.
ఇది నాకు చెప్పింది డేగాలో పనిచేసే కుంజుమోన్ గారు,
తెల్ల యూనిఫారాలు మూటగట్టి తెచ్చినప్పుడు,
సగం మలయాళంలో,
రెండు చేతులూ రెక్కల్లా చాపి,
మా గుమ్మంలో నిలబడి.

పేసింజరు విమానాలకి ఓ వేళంటూ ఉంది,
పాలవాడిలా.
నేవీ విమానానికి లేదు.
నేను పడుకున్నాక లేస్తుంది, సముద్రం మీదకి పోతుంది.
కోడి కూసేవేళకి బరువుగా మూలుగుతూ వస్తుంది.
నీళ్ళ కింద ఏం వెతికొచ్చిందో నేనడగను.
చొక్కా జేబుల్లో దొరికినవి కూడా
ఎవరినీ అడగను.
మడతలో పెట్టి ఇచ్చేస్తాను, అంతే.

ఓ రోజు సింహాచలం కొండ వెనకనుంచి
ఇంకోటి లేచింది.
మిణకలేదు. చప్పుడు లేదు.
ఎరుపూ లేదు, పచ్చా లేదు.
దారం తెగిన చొక్కా బొత్తాం
నల్లసిమెంటు గచ్చు మీద దొర్లుతున్నట్టు
తిన్నగా, తొందరగా,
మా నెత్తి మీంచి పోర్టు క్రేన్ల వైపు పోయింది.
యారాడ కొండ దీపం దాకా చేరనేలేదు,
మధ్యలోనే మాయం.
"పడిపోయిందేటే?" అన్నాను.
"పడలేదమ్మా, అది ఉపగ్రహం.
బూమి నీడలోకెళ్ళిపోనాది" అంది కనకం.
పాలిటెక్నిక్ రెండో సంవత్సరం, దానికి అన్నీ తెలుసు.
మన నీడ అంత దూరం పడుతుందని
నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం అదే ఫోను పట్టుకొచ్చి
పైనుంచి తీసిన మా ఊరు చూపించింది.
బయట లంగరేసిన ఓడలు
పెళ్ళివారింటి ముందు విడిచిన చెప్పుల్లా ఉన్నాయి.
ఇనపమట్టి గుట్టలు, పక్కన ఎర్రబడ్డ నీళ్ళు.
రన్‌వే మటుకు నాకు నచ్చింది,
గంజి పెట్టి తీసిన మడతలాంటి గీత.
వేలితో లాగుతూ లాగుతూ మా వీధిలోకి దించింది.
నల్ల ట్యాంకు. దాని ముందు నాలుగు తెల్లచారలు.
"అవి మన దుప్పట్లే!"
రైల్వే ఆసుపత్రివి.
కింద చిన్న అక్షరాల్లో
రెండువేల ఇరవైయొకటి, మార్చి అని ఉంది.

ఇన్నాళ్ళూ నేను దాన్ని చూస్తున్నాననుకున్నాను.

ట్యాంకు పక్కన నీలంగా ఓ చుక్క.
బకెట్టే అయ్యుండొచ్చు.
పక్కింటివాళ్ళ పట్టా ఎగిరొచ్చి పడుండొచ్చు.
ఆ మార్చికి గురప్ప ఇంకా ఉన్నాడు.
మధ్యాహ్నం బీడీ అక్కడే కాల్చేవాడు,
ట్యాంకు నీడ పట్టుకుని, నీలం గళ్ళ లుంగీలో.
కనకం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.
ఇంకా దగ్గరికి లాగితే చుక్క పెద్దదై
చివరికి గళ్ళు గళ్ళుగా విడిపోయింది.

ఫోను దానికిచ్చేసి బొగ్గు వేశాను.

విమానాలన్నీ భోగాపురం పోతాయంటున్నారు.
పోనీ. డేగావి ఉంటాయిగా,
యూనిఫారాలూ ఉంటాయి.
నిన్న ఆరూ నలభైకి
ఆ బొత్తాం మళ్ళీ వస్తుందని లెక్క చెప్పింది కనకం.
మబ్బు పట్టేసింది.
కానీ ఆరిన దుప్పట్లు తీగ మీంచి తియ్యలేదు నేను.
రాత్రంతా మంచుకి నాని, పోర్టు దుమ్ము పట్టి,
పొద్దున్నే మళ్ళీ జాడించాల్సొచ్చింది.
ఆసుపత్రి కుర్రాడు సైకిలాపి
ఆలస్యమేటి పెద్దమ్మా అన్నాడు.
మబ్బేసిందిరా, అన్నాను.